నేల దాటని ప్రయాణానికి ప్యాచ్ ఎందుకు?

నాయుడుపేటలో మాది కంప్యూటర్ ఎంబ్రాయిడరీ షాపు. పెళ్ళిళ్ళ రోజుల్లో జాకెట్ చేతులకి నెమళ్ళు, బళ్ళు తెరిచే జూన్ నెలలో చొక్కా జేబులకి స్కూలు గుర్తులు. మొన్న ఆదివారం మా అమ్మాయి కొత్త పని తెచ్చింది. అమెరికాలో ఎం.ఎస్. చదువుతోంది, సెలవులకి ఇంటికొచ్చింది. ఫోన్లో ఒక గుండ్రటి బొమ్మ చూపించి, "అమ్మా, దీన్ని పంచింగ్ చేసి తొమ్మిది సెంటీమీటర్ల సైజులో కుట్టిపెట్టు. మా బృందం ప్యాచ్" అంది. ఎర్రటి గ్రహం, దాని వైపు నిప్పులు కక్కుతూ దూసుకెళ్తున్న రాకెట్టు, అంచు చుట్టూ ఆరు పేర్లు.

అప్పుడే మా అన్నయ్య వచ్చాడు. ఉండేది సూళ్లూరుపేటలో. శ్రీహరికోట షార్‌లో రాకెట్లకి ఘన ఇంధనం పోసే ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాడు. బొమ్మ చూడగానే మొహం ముడుచుకున్నాడు. ఆ తర్వాత రెండు గంటలు మామాకోడళ్ళిద్దరూ వాదించుకున్నారు. నేను మిషను ఆపేసి విన్నాను. ఆ మాటలు గాలికి పోకూడదనిపించి రాస్తున్నాను.

అన్నయ్య: ఎవరమ్మా అంగారకుడికి పోతున్నది?

అమ్మాయి: ఎవరూ పోవట్లేదు మావయ్యా. యూటా రాష్ట్రంలో హ్యాంక్స్‌విల్ అనే చిన్న ఊరి దగ్గర ఎడారిలో మార్స్ డెజర్ట్ రీసెర్చ్ స్టేషన్ ఉంది. మార్స్ సొసైటీ వాళ్ళది, 2001 నుంచి నడుస్తోంది. నిలబెట్టిన డబ్బాలాంటి రెండంతస్తుల ఇల్లు, అడ్డకొలత 8 మీటర్లు. మేం ఆరుగురం రెండు వారాలు అందులో అంగారకుడి మీద ఉన్నట్టే ఉండాలి. బయటికి రావాలంటే సూటు వేసుకుని, ఎయిర్‌లాక్‌లో కొన్ని నిమిషాలు నిలబడి, లోపలి గాలి ఖాళీ అయినట్టు లెక్కేసుకున్నాకే తలుపు తియ్యాలి. నీళ్ళు కొలిచి వాడుకోవాలి. రోజూ సాయంత్రం రిపోర్టులు పంపాలి. ఇలాంటి వాటిని అనలాగ్ మిషన్లంటారు. అక్కడికి వెళ్ళే ప్రతి బృందానికీ ఒక నంబరుంటుంది, చాలా బృందాలు ప్యాచ్ కూడా చేయించుకుంటాయి.

అన్నయ్య: బయట గాలి ఉంది. హెల్మెట్ తీసినా ప్రాణం పోదు. ఒంట్లో బాగోకపోతే కారెక్కి ఆస్పత్రికి పోవచ్చు. అది రిహార్సలు. రిహార్సలు చెయ్యండి, తప్పు లేదు. కానీ ప్యాచ్ అనేది పోయినవాళ్ళు సంపాదించుకునేది. కల్పనా చావ్లా భుజం మీద ఉన్నదీ నీ భుజం మీద ఉండబోయేదీ ఒకే సైజు, ఒకే గుండ్రం అయితే చూసేవాడికి తేడా ఎలా తెలుస్తుంది?

అమ్మాయి: సంపాదించుకున్నాక ఇచ్చేదని ఎవరన్నారు? నాసాలో మొదటి ప్యాచ్ కథే చూడు. 1965 ఆగస్టు, జెమిని-5. గార్డన్ కూపర్, పీట్ కాన్రాడ్ ఎక్కారు. అంతకుముందు జెమిని-3లో వెళ్ళినవాళ్ళు నౌకకి సరదాగా ఒక పేరు పెట్టుకున్నారని, పేర్లు పెట్టడమే ఆపేసింది నాసా. పేరు లేకపోతే ఒక గుర్తయినా ఉండాలని కూపర్ పట్టుబట్టాడు. కాన్రాడ్ మామగారు చెక్కతో గూడుబండి ఒకటి చెక్కి ఇచ్చారట. పాతకాలంలో అమెరికాలో పడమటికి వలసపోయినవాళ్ళ బండి. ఆ బండి బొమ్మనే ప్యాచ్ మీద వేయించుకున్నారు. ఎనిమిది రోజులు ఉండి తీరతాం, లేదంటే అంతా బూడిదే అన్నట్టు బండి మీద ఒక మాట కూడా. ఇదంతా ఎగరకముందే జరిగింది మావయ్యా.

అన్నయ్య: నాసా పెద్ద జేమ్స్ వెబ్ ఏం చేశాడో కూడా చెప్పు. నాకూ తెలుసు ఆ కథ.

అమ్మాయి: ఆ మాట కనపడకుండా పైన గుడ్డముక్క కుట్టించమన్నాడు. పని పూర్తయ్యేదాకా.

అన్నయ్య: అదీ పెద్దరికం అంటే. చివరికి ఎన్ని రోజులున్నారు?

అమ్మాయి: ఎనిమిది రోజులకి గంట పైచిలుకు తక్కువ.

అన్నయ్య: గుడ్డ కప్పించడం మంచిదే అయింది చూడు.

ఆ గుడ్డముక్క సంగతి నా మనసులో నిలిచిపోయింది. కుట్టు పనిలో ఉన్నదాన్ని కాబట్టి నాకు ఇంకోలా అర్థమైంది. కింద అక్షరాలున్నాయి, దారం ఉంది, కుట్టు పూర్తయింది. చదివించుకునే హక్కు మాత్రం ఇంకా రాలేదు. ప్యాచ్‌లో ఈ రెండూ ఒకేసారి ఉంటాయని మా అన్నయ్యా ఒప్పుకోడు, మా అమ్మాయీ అప్పటికి ఒప్పుకోలేదు. ఆయన రెండోదే చూస్తున్నాడు, అది మొదటిదే చూస్తోంది.

అమ్మాయి: నువ్వు చెప్పేది పతకం మావయ్యా. నేను చెప్పేది కంకణం. జాతరకి ముందే కడతారు కదా, పసుపు కొమ్ము కట్టిన దారం. అమ్మవారి పని చేసొచ్చినందుకు కట్టరు, చెయ్యబోతున్నందుకు కడతారు.

అన్నయ్య: కంకణం కట్టుకున్నవాడు ఆ తంతు ముగిసేదాకా పొలిమేర దాటడు. కంకణం విలువంతా ఆ కట్టుబాటులో ఉంది. మీకేం కట్టుబాటుంది?

అమ్మాయి: సరిగ్గా అదే ఉంది. పొలిమేర దాటకపోవడమే మా పని. నిజంగా అంగారకుడి మీద ఉన్నవాడు తలుపు తియ్యడు, తీస్తే చస్తాడు కాబట్టి. వాణ్ణి లోపల ఉంచడానికి ఆ భయం చాలు. మాకు ఆ భయం లేదు. తలుపవతల చల్లటి గాలి ఉంది, రోడ్డుంది, ఊళ్ళో హోటలుంది. అయినా తియ్యకూడదు. మమ్మల్ని లోపల ఉంచేది మేమిచ్చిన మాట ఒక్కటే. గుర్తు అవసరం ఎవరికి ఎక్కువో నువ్వే చెప్పు.

అన్నయ్య వెంటనే జవాబు చెప్పలేదు. ఇన్నేళ్ళలో ఆయన మాట తడుముకోవడం నేను చూసింది తక్కువ.

అన్నయ్య: పదిహేను రోజులు లోపల ఎవరైనా ఉంటారు.

అమ్మాయి: 520 రోజులు? మాస్కోలో బయోమెడికల్ ప్రాబ్లమ్స్ సంస్థలో మార్స్-500 అని చేశారు. 2010 జూన్ 3న ఆరుగురు లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు. ముగ్గురు రష్యన్లు, ఇద్దరు యూరప్ వాళ్ళు, ఒక చైనా అతను. బయటికొచ్చింది 2011 నవంబరు 4న. కిటికీ లేని గదులు. బయటికి కబురు పంపితే అంగారకుడి దూరానికి తగ్గట్టు ఆలస్యం, ఒక్కోసారి పోవడానికి నిమిషాల తరబడి, జవాబు రావడానికి మళ్ళీ అంతే. గోడ అవతల మాస్కో నగరం ఉంది. ఏడాదిన్నర పాటు ఆ గోడని గోడగా చూడకుండా ఉన్నారు వాళ్ళు. హ్యూస్టన్‌లో నాసా చేసిన చాపియా మాత్రం? నలుగురు 2023 జూన్ 25న లోపలికి పోయి 2024 జూలై 6న వచ్చారు. 378 రోజులు. ఇల్లు మొత్తం 1,700 చదరపు అడుగులు.

అన్నయ్య: ఉన్నారు సరే. ఏం తేలింది?

అమ్మాయి: ఉప్పు గురించి తేలింది.

నేను: ఉప్పా?

అమ్మాయి: అవునమ్మా. 520 రోజులకి ముందు 105 రోజుల ప్రయోగం ఒకటి చేశారు. రెండింటిలోనూ ఉన్నవాళ్ళకి తిండి కొలిచి పెట్టారు. కొన్ని వారాలు రోజుకి 12 గ్రాముల ఉప్పు, తర్వాత 9, తర్వాత 6. వాళ్ళు తాగే నీళ్ళు, మూత్రం, ప్రతిరోజూ కొలిచారు. ఉప్పెక్కువ తింటే దాహం వేసి నీళ్ళెక్కువ తాగుతామని మనందరి నమ్మకం కదా? డాక్టర్లదీ అదే. పదిమంది లెక్కలు తీసి 2017లో అచ్చువేశారు. ఉప్పు ఎక్కువ తిన్న వారాల్లో వాళ్ళు నీళ్ళు తక్కువే తాగారు. ఒంట్లో నీళ్ళు ఆపుకోవడానికి శరీరం యూరియాని వాడుకుంటోందని, అందుకు శక్తి ఖర్చవుతోందని పరిశోధకులు చెప్పారు. ఆస్పత్రిలో మనిషిని అన్ని రోజులు అలా కొలవడం కష్టం. తలుపులు మూసుకుని మాటకి కట్టుబడ్డ మనుషులు దొరికారు కాబట్టి తెలిసింది. వాళ్ళు వెళ్ళిన అంగారకుడు నిజం కాకపోవచ్చు, ఆ ఉప్పు నిజం మావయ్యా.

ఊరగాయ లేకుండా ముద్ద దిగని ఇల్లు మాది. ఈ ఒక్క సంగతితో నేను అమ్మాయి వైపుకి వెళ్ళిపోయాను. అన్నయ్య అంత తేలిగ్గా రాలేదు. ఆయన అసలు బాధ అప్పుడు బయటపడింది.

అన్నయ్య: ఆ మాస్కో వాళ్ళ గురించి నాకు పేచీ లేదు. నా పేచీ ఇక్కడివాళ్ళతో. డబ్బు కట్టి వారం రోజులు గుడారంలో ఉండొస్తారు. భుజం మీద రాకెట్టు బొమ్మ, కింద జెండా. మర్నాడు పేపర్లో 'అంతరిక్షయానం చేసొచ్చిన మన బిడ్డ' అని ఫోటో. బళ్ళలో సన్మానాలు, పిల్లలకి ఉపన్యాసాలు. ఆ పిల్లలు పెద్దయ్యాక అసలు సంగతి తెలుసుకుంటారు. అప్పుడు వాళ్ళు అంతరిక్షం అన్న మాట ఎవరు చెప్పినా నమ్మరు. నా ముప్ఫయ్యేళ్ళ పని మీద కూడా ఆ అనుమానం పడుతుంది.

అమ్మాయి: అలా చెప్పుకునేవాళ్ళున్నారు. తప్పే. కానీ కొందరు అబద్ధం చెప్పారని అందరి గుర్తూ తీసెయ్యమంటావా?

అన్నయ్య: గుర్తు చేతికి దొరకబట్టే ఆ అబద్ధం చెప్పడం అంత తేలికవుతోంది అంటున్నాను.

అమ్మాయి: రిహార్సలు అని చిన్నచూపు చూస్తున్నావు కదా, అపోలో-1 వాళ్ళు ఎక్కడ పోయారు?

ఆ మాటకి అన్నయ్య నెమ్మదించాడు. షార్‌లో పనిచేసినవాళ్ళకి ఆ కథ ఎవరూ చెప్పనక్కర్లేదు. 1967 జనవరి 27. గస్ గ్రిసమ్, ఎడ్ వైట్, రోజర్ చాఫీ. ఫ్లారిడాలో లాంచ్ ప్యాడ్ మీద నిలబెట్టిన రాకెట్టు, అందులో ఇంధనం కూడా పొయ్యలేదు. కౌంట్‌డౌన్ ఎలా సాగుతుందో చూసుకునే పరీక్ష. క్యాబిన్ నిండా స్వచ్ఛమైన ఆక్సిజన్. ఎక్కడో నిప్పురవ్వ లేచింది, తలుపు తెరుచుకోలేదు, ముగ్గురూ పోయారు. వాళ్ళ ప్యాచ్ అప్పటికే తయారై ఉంది. ఆ ప్యాచ్ పెట్టుకుని ఆ ముగ్గురూ నేల విడవలేదు.

అమ్మాయి: 1969 జూలైలో ఆల్డ్రిన్ చంద్రుడి మీద ఒక చిన్న సంచి వదిలి వచ్చాడు. అందులో సోవియట్ వ్యోమగాములు గగారిన్, కొమరోవ్‌ల పతకాలు, వాటితోపాటు అపోలో-1 ప్యాచ్. ఒక్క అడుగు కూడా పైకి లేవని బృందం గుర్తు ఇవాళ చంద్రుడి మీద ఉంది. దాన్ని అక్కడ పెట్టినవాళ్ళు అర్హత అడగలేదు.

అన్నయ్య: వాళ్ళు ప్రాణాలు ఇచ్చారమ్మా. దాన్నీ దీన్నీ పక్కపక్కన పెట్టకు.

అమ్మాయి: పెట్టను. పెట్టకూడదు. నేల మీద జరిగేది ఉత్తుత్తి పని కాదని చెప్పడానికే ఎత్తాను. హవాయిలో మౌనా లోవా కొండ మీద హై-సీస్ అనే గుడారంలో కూడా 2018లో ఒకతనికి కరెంటు షాక్ కొట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. నాలుగు రోజులకే ఆ మిషన్ ఆపేశారు.

ఇక్కడ నాకు తెలిసిన సంగతి ఒకటి చెప్పాలి. అపోలో-1 అగ్నిప్రమాదం తర్వాత అపోలోలో వెళ్ళినవాళ్ళ సూట్ల మీద దారంతో కుట్టిన ప్యాచ్‌లు ఉండేవి కావు. గాజు పోగుతో నేసి టెఫ్లాన్ పూసిన బీటా క్లాత్ మీద అచ్చువేసినవి వాడారు, అవి మంటకి అంటుకోవు కనుక. చొక్కాలకీ టోపీలకీ మాత్రం దారం కుట్టువి. చచ్చిపోయిన ముగ్గురి జ్ఞాపకం ప్యాచ్ గుడ్డలోకి కూడా వచ్చి చేరింది. మా షాపులో ట్విల్ గుడ్డ కింద బక్రం పెట్టి ఫ్రేములో బిగిస్తున్నప్పుడు ఇది ఎన్నిసార్లు గుర్తుకొచ్చిందో.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అమ్మాయి లేచి మంచినీళ్ళు తెచ్చిచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

అమ్మాయి: మావయ్యా, నీ సర్వీసులో నీకు బాగా గుర్తుండిపోయిన రోజు ఏది?

అన్నయ్య: 2010 జనవరి 24. (ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.) ఎస్-200 మోటారు మొదటి పరీక్ష. 200 టన్నుల ఇంధనం. మన దగ్గర అంతకుముందు అంత పెద్దది పొయ్యలేదు. వెలిగించాక 130 సెకన్లు మండింది. ఆ పొగ, ఆ చప్పుడు... కాళ్ళ కింద నేల అదిరింది. ఆరిపోయాక మా పక్కనున్నాయన ఏడ్చేశాడు.

అమ్మాయి: ఎంత ఎత్తుకి పోయింది?

అన్నయ్య దాని వైపు చూశాడు. అది ఎక్కడికీ పోలేదని ముగ్గురికీ తెలుసు. స్టాటిక్ టెస్ట్ అంటే మోటారుని నేలకి కదలకుండా బిగించి కాల్చడం. ఎగరడం కోసం చేసిన మోటారుని ఎగరనివ్వకుండా పట్టి ఉంచి, లోపలి ఒత్తిడి ఎంత, వేడి ఎంత, తోపు ఎంత అని సెకను సెకనుకీ రాసుకోవడం. 2014 డిసెంబరు 18న ఎల్‌వీఎం-3 రాకెట్టు మొదటిసారి ఎగిరినప్పుడు ఆ ఎస్-200లు రెండు పక్కలా ఉన్నాయి. పైనున్న క్రయోజెనిక్ దశ మాత్రం మండేది కాదు, బరువుకీ ఆకారానికీ పెట్టింది. మనుషులు కూచోవలసిన క్యాప్సూల్‌లో మనుషులు లేరు. దాన్ని బంగాళాఖాతంలోంచి ఏరి తెచ్చారు. అంత పెద్ద పనిని ఎవరూ ఉత్తుత్తిది అనలేదు.

అన్నయ్య: నన్ను నా నూతిలోనే దించావు. సరే. కానీ ఒకటి విను. మేం దాన్ని ప్రయోగం అనలేదు. స్టాటిక్ టెస్ట్ అనే అన్నాం. కాగితాల మీద అలాగే రాశాం, పేపర్ల వాళ్ళకి అలాగే చెప్పాం. 2014లో పైదశ పనిచెయ్యనిదని ముందే చెప్పాం. నేల మీద జరిగినదాన్ని నేల మీద జరిగినట్టే రాయడం మా పద్ధతి. నీ బొమ్మలో నేల ఏదమ్మా? రాకెట్టుంది, మంటుంది, గ్రహముంది. మీరు రాకెట్టెక్కరు. మీరు ఉండబోయే ఆ డబ్బా ఇల్లు ఏది? ఆ ఊరి పేరేది?

ఈసారి నోట మాట రానిది అమ్మాయికి. నా లెక్కలో ఆ రోజు వాదంలో అన్నిటికన్నా బరువైన మాట ఇదే. అంతసేపూ ప్యాచ్ ఉండాలా వద్దా అని కొట్టుకున్నారు. అసలు ప్రశ్న ప్యాచ్ ఏం చెబుతోంది అన్నది.

అమ్మాయి: నువ్వు చెప్పింది నిజం. నాసా నీమో మిషన్ల వాళ్ళు అలాగే చేసేవారు. ఫ్లారిడా దగ్గర సముద్రంలో 19 మీటర్ల లోతున అక్వేరియస్ అనే స్థావరం ఉంది, 2001 నుంచి 2019 దాకా నాసా వ్యోమగాములు అందులో ఉండి సాధన చేశారు. వాళ్ళ ప్యాచ్‌లలో నీటి గుర్తులు దాచేవారు కారు. మన దేశంలో లేహ్‌లో 2024 నవంబరులో ఇస్రో తోడ్పాటుతో మొదలైన మిషన్‌కి పేరులోనే లదాఖ్ ఉంది. త్సో కార్ దగ్గర 2025 ఆగస్టులో ఇద్దరు పది రోజులున్న స్థావరానికి కూడా హిమాలయం అన్న మాట పేరులోనే పెట్టారు. మేమే రాకెట్టు వేసుకున్నాం.

అన్నయ్య: ఆరు పేర్లు కూడా ఎందుకు? అపోలో-11 ప్యాచ్ మీద పేర్లుండవు. వెనక పనిచేసినవాళ్ళందరిదీ అవ్వాలని తీసేశారు. గద్ద, ఆలివ్ కొమ్మ, కింద చంద్రుడు, వెనక భూమి. మైకేల్ కాలిన్స్ గీశాడు.

నేను: పేర్ల సంగతి నేను చెప్తాను. తొమ్మిది సెంటీమీటర్ల గుండ్రంలో ఆరు పేర్లు పడితే ఒక్కో అక్షరం నాలుగు మిల్లీమీటర్లు కూడా రాదు. అంత చిన్నదానికి శాటిన్ కుట్టు వేస్తే 'ఏ' లోపలి కన్నం దారంతో పూడిపోతుంది. రెండు ఉతుకులకి ఎవరి పేరు ఎవరిదో తెలీదు. కుట్టుకి నిలిచేది పెద్ద అక్షరం ఒక్కటే. ఏది పెద్దగా రాయాలో మీరిద్దరూ తేల్చండి.

అమ్మాయి ఆ రాత్రే మిగతా ఐదుగురితో మాట్లాడింది. ఒకరిద్దరు పేర్లు తీసెయ్యడానికి ముందు ఒప్పుకోలేదట, తర్వాత సరేనన్నారు. సోమవారం పొద్దున్న కొత్త బొమ్మ తెచ్చింది. రాకెట్టు లేదు, మంట లేదు. యూటా ఎర్రమట్టి దిబ్బలు, వాటి ముందు తెల్లటి గుండ్రటి ఇల్లు, దాని తలుపు మూసి ఉంది. పైన ఆకాశంలో అంగారకుడు ఆవగింజంత ఎర్ర చుక్క. అంచు మీద బృందం నంబరు, స్టేషన్ పేరు, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు: 38.4 ఉత్తరం, 110.8 పశ్చిమం.

పంచింగ్‌కి, అంటే బొమ్మని మిషనుకి అర్థమయ్యే కుట్లుగా మార్చడానికి, నాకు పూట పట్టింది. మట్టికి మూడు రంగుల దారం వాడాను. ఇటుకరంగు, కాఫీరంగు, వాటి మధ్య వెలిసిన నారింజ. ఇంటి తెలుపు కోసం కుట్టు వాలు మార్చాను, వెలుతురు ఒక పక్క నుంచి పడ్డట్టు కనిపించాలని. తలుపు చుట్టూ సన్నగీత రెండుసార్లు తెగింది, మూడోసారి నిలిచింది. దాదాపు పద్దెనిమిది వేల కుట్లు, ఒక్కోటి అరగంట. ఆరు కుట్టాను.

అన్నయ్య ఒకటి చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి బక్రం వైపు చూశాడు, దారాలు సరిగ్గా కత్తిరించానో లేదోనని. లోపల కూచునేది రెండు వారాలే అయినా వ్యోమగామి అనిపించుకోవద్దని అమ్మాయికి మళ్ళీ చెప్పాడు. అది ఒప్పుకుంది. ఎప్పుడు పెట్టుకోవాలన్నది మాత్రం తేలలేదు. లోపలికి వెళ్ళే రోజే పెట్టుకుంటానని అది, తలుపు తీసుకుని బయటికొచ్చిన రోజే పెట్టుకోమని ఆయన. నన్నడిగితే వెళ్ళే రోజే. కంకణం అలాగే కడతారు.

పేపర్లలో, టీవీల్లో పనిచేసే బిడ్డలకి ఒక విన్నపం. ఇలాంటి ప్యాచ్ పెట్టుకుని మన ఊళ్ళకి అబ్బాయో అమ్మాయో వచ్చినప్పుడు 'అంతరిక్షానికి వెళ్ళొచ్చారు' అని రాయకండి. ఏ ఊరి దగ్గర ఉన్నారో, ఎన్ని రోజులు తలుపు తియ్యకుండా ఉన్నారో, లోపల ఏం కొలిచారో అడిగి, అది రాయండి.